బుట్ట లేని దుకాణం: కోడింగ్ వచ్చినవాళ్లకు ఈ-కామర్స్ నేర్పిన ఒక కేసు

మహబూబ్‌నగర్‌లో శని, ఆదివారాలు నేను నడిపే బ్యాచ్‌కు ఓనమాలవాళ్లు రారు. ఎంసీఏ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు, బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒకటి రెండేళ్లు సపోర్ట్ పని చేసి విసిగి ఇంటికొచ్చినవాళ్లు, ఇంటి నుంచే చిన్నాచితకా ఫ్రీలాన్స్ పనులు చేసుకునేవాళ్లు వస్తారు. జావానో, పైథానో చేతిలో ఆడుతుంది. లూపులు, క్లాసులు, జాయిన్లు అని మొదలుపెడితే ఫోన్లు తీస్తారు. వాళ్లు అడిగేది ఒకటే: "ఈ-కామర్స్ ప్రాజెక్టు చేయించండి సార్, రెజ్యూమేల పెట్టుకుంటం."

నిజానికి వాళ్ల దగ్గర ప్రాజెక్టు అప్పటికే ఉంది. ఏఐ టూల్‌కు నాలుగు వాక్యాలు చెప్తే ఒక్క రాత్రిలో లాగిన్, వస్తువుల జాబితా, బుట్ట, పేమెంట్ బటన్, అడ్మిన్ పేజీ అన్నీ వచ్చేస్తున్నాయి. తెర మీద చూస్తే పేరున్న సైట్లకు తీసిపోదు. బ్యాచ్ మొదట్లోనే అందరివీ చూశాను. చూసి ఒక ప్రశ్న అడిగాను: "ఒకామె పైసలు కట్టింది. చీర ఇంకొకరికి పోయింది. ఈ సంగతి మీ డేటాబేస్‌లో ఏ వరుసలో కనబడుతుంది?" ఎవరూ చూపించలేకపోయారు. ఆర్డర్ల టేబుల్‌లో ‘పెయిడ్’ అనే ఒక గడి ఉంది, అందులో అవునో కాదో ఉంటుంది. ఆ రెంటి మధ్య జరిగేవేవీ అందులో లేవు.

ఈ బ్యాచ్‌కు పాఠం అక్కడే ఖాయమైంది. వీళ్లకు కోడ్ రాయడం తెలుసు, అమ్మకం అంటే తెలియదు. ఈ-కామర్స్ పాఠాలన్నీ హోమ్ పేజీతో మొదలై పేమెంట్ బటన్‌తో ముగుస్తాయి. నేను తిరగేసి, వాపసుతో మొదలుపెట్టాను. వాపసు సరిగ్గా చేయాలంటే ఏ ధరకు అమ్మామో, ఏ పన్ను వేశామో, పైసలు ఏ దారిన వచ్చాయో, వస్తువు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో అన్నీ తెలియాలి. హోమ్ పేజీ ఆఖరి వారం. అది వాళ్లకు ఎలాగూ వచ్చు.

గద్వాల దుకాణం

కేసుకు ఉత్తుత్తి దుకాణం పెట్టుకోలేదు. బ్యాచ్‌లో గద్వాల అబ్బాయి ఒకడున్నాడు. వాళ్ల బంధువులకు చీరల దుకాణం ఉంది. ఊళ్లో మగ్గాల వాళ్లకు నూలు, పట్టు ఇచ్చి నేయించుకుంటారు, దుకాణంలో అమ్ముతారు, వాట్సాప్‌లో ఫొటోలు పంపి బయటూళ్లకూ అమ్ముతారు. సేటు ఒప్పుకున్నాడు, రెండు షరతుల మీద. దుకాణం పేరు బయటికి రావద్దు, "నా గిరాకీల నంబర్లు మీ కంప్యూటర్లల్ల పెట్టుకోవద్దు". రెండో షరతు విని పిల్లలు నవ్వారు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆయన చదవలేదు. అయినా చట్టం అడిగేదే అడిగాడు. డెవలప్‌మెంట్ డేటాబేస్‌లో ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి నంబర్లే వాడాలన్న నియమం ఆ రోజే పెట్టుకున్నాం.

గద్వాల చీర గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మామూలుగా ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు. ఆ రెండు రకాల దారాలను మగ్గం మీదే కలిపి నేసే పద్ధతిని కుప్పడం అంటారు. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నారాయణపేట చీరకు 2012లో వచ్చింది, ఉమ్మడి నల్లగొండ వైపు పోచంపల్లి ఇక్కత్‌కు అంతకు ముందే 2005లో. ఇక్కడ ప్రోగ్రామర్‌కు కావాల్సిన ముక్క ఇది: మగ్గం మీద నుంచి దిగిన ఏ రెండు చీరలూ అచ్చు ఒకటి కావు. ఒకే డిజైన్‌లో నాలుగు నేసినా రంగు ఒక పిసరు అటూ ఇటూ ఉంటుంది.

పిల్లల స్కీమాలన్నీ, అంటే డేటాబేస్‌లో ఏ టేబుల్‌లో ఏ గడులుండాలో చెప్పే నమూనాలన్నీ, టీషర్టులవే. వస్తువు, దాని కింద సైజు, రంగు, ఒక్కోదానికి స్టాక్ సంఖ్య. ఎస్, ఎం, ఎల్ కూడా ఉన్నాయి, చీరకు. దుకాణంలో సేటు ముందు కూర్చోబెట్టి, "మీరు గిరాకీకి చీర చూపేటప్పుడు ఏమేం చెప్తారు?" అని అడగమన్నాను. ఒళ్లు నూలా పట్టా, అంచు ఎంత వెడల్పు, కొంగులో ఏం పని ఉంది, జాకెట్ ముక్క ఉందా లేదా, జరీ ఏ రకం. దేవరకద్ర నుంచి వచ్చే అమ్మాయి ఇదంతా నోట్ బుక్కులో రాసుకుని, తిరిగొచ్చేటప్పుడు రైల్లోనే స్టాక్ గడి కొట్టేసింది. ప్రతి చీరా ఒక వరుస. ప్రతి వరుసకూ ఒక స్థితి: అమ్మకానికి ఉంది, ఆపి ఉంచాం, అమ్ముడుపోయింది, వాపసు వచ్చింది. బ్యాచ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన డిజైన్ నిర్ణయం అదే. దాన్ని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

ఒకటే చీర, ఇద్దరు గిరాకీలు

మామూలు ఈ-కామర్స్ పాఠంలో ‘ఆఖరి పీసు కోసం ఇద్దరు పోటీ పడటం’ ఎప్పుడో ఒకసారి జరిగే చిక్కు. పుస్తకంలో వెనక అధ్యాయంలో ఉంటుంది. చేనేతలో మొదటి పీసే ఆఖరి పీసు. పైగా సేటు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టగానే పది మంది ఒకేసారి తెరుస్తారు. కాబట్టి ఈ కేసులో అదే మొదటి అధ్యాయం.

క్లాసులో ఇద్దరి ఫోన్లలో ఒకే చీర పేజీ తెరిపించాను. తేడా కచ్చితంగా పట్టుబడాలని కోడ్ మధ్యలో, స్టాక్ చూడటానికీ తగ్గించడానికీ నడుమ, రెండు సెకన్ల నిద్ర పెట్టించాను. ఇద్దరూ కలిసి నొక్కారు. రెండు ఫోన్లలోనూ పచ్చటి టిక్కు, ‘మీ ఆర్డర్ ఖాయమైంది’. డేటాబేస్ తెరిస్తే స్టాక్ గడి బుద్ధిగా 0 చూపిస్తోంది. ఆర్డర్లు మాత్రం రెండు. ఇద్దరికీ 1 కనబడింది, ఇద్దరూ అందులోంచి ఒకటి తీసి 0 రాశారు. మైనస్‌లోకి పోయినా ఎవరో గమనించేవారు. ఇక్కడ లెక్క సరిపోయినట్టే ఉంది.

"ట్రాన్సాక్షన్ల పెడితే అయిపోతది కద సార్" అన్నాడు ఒకతను, కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. ట్రాన్సాక్షన్ అంటే కొన్ని మార్పులు అన్నీ కలిసి జరగాలి, లేదా ఒక్కటీ జరగకూడదు అని డేటాబేస్‌కు చెప్పడం. పెట్టి చూడమన్నాను. పెట్టాడు. మళ్లీ రెండు ఆర్డర్లు. అతనికి నిజంగానే కోపం వచ్చింది. మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో మనం ఏమీ చెప్పకపోతే ఉండే ఐసొలేషన్ స్థాయి, అంటే ఒకరు చేసే మార్పు ఇంకొకరికి ఎప్పుడు కనబడాలన్న నియమం, రీడ్ కమిటెడ్. కమిట్ అయిన, అంటే ఖాయంగా రాసేసిన, విలువను ఇద్దరూ చదవడాన్ని అది ఆపదు. చదివి, లెక్క మన కోడ్‌లో వేసుకుని, తిరిగి రాస్తే ట్రాన్సాక్షన్ చేసేదేమీ లేదు. ‘ట్రాన్సాక్షన్’ అన్న మాట తెలిసినవాళ్లకు ఈ దెబ్బ ఒకసారి తగలాలి. తెలియనివాళ్లకు చెప్పినా ఉపయోగం లేదు. ఈ పాఠం అనుభవం ఉన్నవాళ్లకే ఎందుకు పనికొస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

పరిష్కారాలు వాళ్లే తెచ్చారు. ఒక జట్టు వరుసను తాళం వేసి చదివింది. ఇంకో జట్టు అప్‌డేట్‌లోనే షరతు పెట్టింది: స్థితి ‘అమ్మకానికి ఉంది’ అయితేనే ‘ఆపి ఉంచాం’గా మార్చు, ఎన్ని వరుసలు మారాయో చూడు, ఒకటైతే చీర నీది, సున్నా అయితే ‘ఇప్పుడే ఇంకొకరు తీసుకున్నారు’ అని చెప్పు. నేను రెండోదానికే ఓటు వేశాను. ఒకటే వాక్యం, తాళం మరిచిపోయే పని లేదు.

ఎంతసేపు ఆపి ఉంచాలి? దీనికి డేటాబేస్ దగ్గర జవాబు లేదు. పది నిమిషాలు అనుకున్నాం. ఊళ్లలో నెట్ నెమ్మది, యూపీఐ పిన్ మరిచిపోయి కొడుకుని పిలిచేవాళ్లుంటారు. ఐదు నిమిషాలు చాలవు, అరగంట పెడితే చీర ఊరికే కట్టుబడిపోతుంది.

అసలు చిక్కు దుకాణంలో ఉంది. సైట్‌లో ‘అమ్మకానికి ఉంది’ అని కనబడే చీరను, కౌంటర్ ముందు కూర్చున్న గిరాకీకి సేటు అప్పటికే మడత పెట్టి ఇచ్చేసి ఉండొచ్చు. అమ్మగానే ఫోన్‌లో ‘తీసేశాం’ బటన్ నొక్కమని ఒక జట్టు చక్కటి యాప్ చేసి తెచ్చింది. పెళ్లిళ్ల సీజన్ శనివారం పొద్దుట దుకాణం చూసి వస్తే ఆ యాప్ చేసేవారు కాదు. సేటు మాట: "గిరాకీ కూసున్నప్పుడు ఫోన్ ఎవడు చూస్తడు తమ్మీ?" మరో జట్టు క్యూఆర్ ట్యాగులంది. అంతా విన్నాక ఆయనే లేచి, వెనక గదిలో ఖాళీగా ఉన్న బీరువా తెరిచి చూపించాడు. ఆన్‌లైన్‌లో పెట్టినవన్నీ ఇందులో, తాళం నా దగ్గర. కౌంటర్ మీదికి ఇవి రావు, అన్నాడు. అయిపోయింది. క్యూఆర్ జట్టుకు రెండు వారాల పని పోయింది, కొంచెం ముఖం చిన్నబోయింది. కానీ డాక్యుమెంట్‌లో ‘సిస్టమ్ పరిధి’ అన్న చోట ‘బీరువా’ అని రాయడం వాళ్లే మొదలుపెట్టారు.

పైసలు ఎక్కడ ఆగాయి

పేమెంట్‌కు రేజర్‌పే అనే పేమెంట్ గేట్‌వేను, అంటే గిరాకీ పైసలు దుకాణానికి చేర్చే సేవను, నిజం పైసలు కదలని టెస్ట్ మోడ్‌లో వాడాం. మొదటి రోజే ఒక జట్టు చీర ధర 5600 అని పంపింది. గేట్‌వే లెక్క పైసల్లో ఉంటుంది, కాబట్టి తెర మీద 56 రూపాయలు వచ్చింది. ఆ స్క్రీన్ షాట్ ఎలా చేరిందో గాని సేటుకు చేరింది. "ఏందీ, గద్వాల చీర యాభై ఆరు రూపాలకా? ముంచుతరా ఏంది నన్ను?" అప్పటి నుంచి డేటాబేస్‌లో డబ్బంతా పైసల్లోనే, పూర్ణాంకాల్లోనే. రూపాయలు అనేవి తెర మీద చూపేటప్పుడు మాత్రమే పుడతాయి.

ధర ఎవరు చెప్పాలి అన్నది ఇంకో సంగతి. రెండు ప్రాజెక్టుల్లో బ్రౌజర్ పంపిన ధరనే సర్వర్ నమ్ముతోంది. డెవలపర్ టూల్స్ తెరిచి అంకె మార్చి 1 రూపాయికి చీర కొనడం ఒక నిమిషం పని. దీని మీద ఎక్కువ చెప్పను. చేసి చూపిస్తే చాలు, జన్మలో మరిచిపోరు.

ఎక్కువ రోజులు పట్టింది పేమెంట్ తరవాతి దారి. వాళ్ల కోడ్‌లో పేమెంట్ అయ్యాక బ్రౌజర్ తిరిగి సైట్‌కు వస్తుంది, వచ్చి ‘అయిపోయింది’ అని చెబుతుంది, అప్పుడు ఆర్డర్ ఖాయమవుతుంది. ఫోన్‌లో యూపీఐ యాప్‌కు మారి తిరిగి వచ్చేలోపు వెనక ఉన్న బ్రౌజర్ ట్యాబ్‌ను ఆండ్రాయిడ్ మూసేయొచ్చు, బస్సు సిగ్నల్ లేని చోటికి పోవచ్చు, చార్జింగ్ అయిపోవచ్చు. టెస్ట్ పేమెంట్ విజయవంతం కాగానే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టమన్నాను. గేట్‌వే డాష్‌బోర్డులో పైసలు వచ్చాయి. సైట్‌లో ఆర్డర్ ‘పెండింగ్’. పది నిమిషాలకు ఆపి ఉంచిన గడువు అయిపోయి చీర మళ్లీ అమ్మకానికి వచ్చింది. మొదటి రోజు నేనడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే.

జవాబు వెబ్‌హుక్. బ్రౌజర్ వచ్చినా రాకపోయినా గేట్‌వే సర్వరే మన సర్వర్‌కు కబురు చెబుతుంది. అందులో మూడు మెలికలున్నాయి, మూడూ తగిలాయి. ఒకటి, కబురు నిజంగా వాళ్ల నుంచే వచ్చిందా అని సంతకం సరిచూడాలి. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో చేసే ఆ సంతకాన్ని వచ్చిన బాడీ (కబురులోని అసలు రాత) మీద, వచ్చింది వచ్చినట్టుగానే లెక్కించాలి. మన ఫ్రేమ్‌వర్క్ ఆ రాతను, అంటే జేసన్‌ను విప్పి మళ్లీ కట్టి ఇస్తే ఒక్క ఖాళీ తేడా వచ్చినా సంతకం కలవదు. ఒక జట్టు రాత్రంతా రహస్య కీ తప్పనుకుని మారుస్తూ కూర్చుంది. రెండు, అదే కబురు రెండు మూడు సార్లు రావొచ్చు. మన సర్వర్ జవాబు ఆలస్యమైతే గేట్‌వే మళ్లీ పంపుతుంది. ప్రతి కబురుకూ ఉండే గుర్తింపు సంఖ్యను ఒక టేబుల్‌లో యూనిక్‌గా దాచి, రెండోసారి వస్తే ‘అందింది’ అని మర్యాదగా చెప్పి వదిలేయాలి. మూడు, వరుస తప్పి రావొచ్చు. అందుకే ‘పెయిడ్’ గడి పీకేసి స్థితుల పట్టిక రాయించాను. ఏ స్థితి నుంచి ఏ స్థితికి పోవచ్చో అందులో ఉంటుంది, లేని దారిలో పోబోతే కోడ్ ఆగిపోవాలి. ప్రతి మార్పూ ఇంకో టేబుల్‌లో ఒక కొత్త వరుసగా చేరుతుంది, పాతది చెరపడం ఉండదు. సేటు చిట్టా పుస్తకంలో కొట్టివేతలు ఉండవు, తప్పు పడితే కింద ఇంకో వరుస రాస్తాడు. వాళ్లకు దాన్నే చూపించాను.

చీర గడువు దాటాక పైసలు వస్తే? చీర ఇంకా బీరువాలో ఉంటే ఇచ్చేయడం, లేకపోతే వెంటనే తిరిగి కట్టేయడం. ఇది సేటు నిర్ణయం, కోడ్ దాన్ని పాటిస్తుంది. ఖాతాలో పైసలు పోయి దుకాణానికి ఖాయమైన కబురు రాని యూపీఐ చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు 2019లో గడువు పెట్టింది: లావాదేవీ రోజు తరవాత ఐదు రోజుల్లో తిరిగి జమ కావాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. గిరాకీ ఫోన్ చేసి అరిచినప్పుడు ఏం చెప్పాలో సేటుకు ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వమని పిల్లలకు చెప్పాను. కోడ్ కన్నా అది రాయడానికే ఎక్కువ తంటాలు పడ్డారు.

ఒక పైసా

గద్వాల ఉన్నది నడిగడ్డలో, అంటే కృష్ణా, తుంగభద్రల మధ్య, రాష్ట్రం అంచున. దుకాణానికి దగ్గరి పెద్ద పట్టణాల్లో కర్నూలు ఆంధ్రప్రదేశ్‌ది, రాయచూరు కర్ణాటకది. అంటే మహబూబ్‌నగర్‌కు పంపితే కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలు చెరి సగం, అంతకన్నా దగ్గరున్న కర్నూలుకు పంపితే మొత్తం ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే అమ్మకాలకు వేసే జీఎస్టీ. మొదటి రోజు నుంచే రెండు రకాల బిల్లులూ కావాలి. బెంగళూరులో ఉన్న కూతురు పైసలు కట్టి, వనపర్తిలో అమ్మకు చీర పంపితే? రిజిస్ట్రేషన్ లేని మామూలు కొనుగోలుదారుకు వస్తువు చేరే చిరునామానే లెక్కలోకి తీసుకోవాలని 2024లో స్పష్టత ఇచ్చారు. కాబట్టి పన్ను లెక్కించే ఫంక్షన్ చూడాల్సింది లాగిన్ అయినవారి ప్రొఫైల్‌ను కాదు, ఆ ఆర్డర్ చిరునామాను.

తరవాత అంకెలు. చీర మీద పన్ను 5 శాతం, ధరలో కలిసే ఉంటుంది. 5,600 రూపాయల చీరకు బిల్లు రాయమంటే మూడు జట్లు మూడు మొత్తాలు తెచ్చాయి. 5,600ను 1.05తో భాగిస్తే 5,333.33. మొదటి జట్టు పన్నును 266.67 అని గుండ్రం చేసి సగం చేసింది, 133.335. దాన్ని పైకి గుండ్రం చేస్తే చెరి 133.34, మొత్తం 5,600.01. రెండో జట్టు 5,333.33 మీద రెండున్నర శాతం విడివిడిగా లెక్కించి చెరి 133.33 వేసింది, మొత్తం 5,599.99. మూడో జట్టు అంకెలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌లో వదిలేసింది, బిల్లు మీద పదిహేను దశాంశాలు. పైసా ఎక్కువ వస్తే ఏం, తక్కువ వస్తే ఏం అని ఒకరన్నారు. ఒక్క బిల్లుకు ఏమీ కాదు. గేట్‌వేలో 5,600, బిల్లులో 5,599.99 ఉంటే రాత్రి రెండు జాబితాలూ కలిపి చూసే ప్రోగ్రాం ప్రతి బిల్లునూ తప్పుగా చూపిస్తుంది, అప్పుడు నిజమైన తప్పు ఆ గుంపులో కలిసిపోతుంది. చివరికి చెరి 133.33 పన్ను తీసేసి, మిగిలిన 5,333.34ను అసలు విలువగా రాశారు. దాని మీద రెండున్నర శాతం వేసినా 133.33కే గుండ్రమవుతుంది. మొత్తం సరిగ్గా 5,600.

పన్ను రేటు కోడ్‌లో రాయొద్దని ఎందుకన్నానో తెలియడానికి 2025 సెప్టెంబరు 22 ఒక్కటి చాలు. కుట్టిన దుస్తులకు అంతకు ముందు 1,000 రూపాయల దాకా 5 శాతం, ఆపైన 12. ఆ రోజు నుంచి 2,500 దాకా 5, ఆపైన 18. చీర కుట్టనిది కాబట్టి 5 దగ్గరే ఉంది, కానీ సేటు కుట్టించిన జాకెట్లు కూడా పెడతానన్నాడు. రేటు, అది అమల్లో ఉన్న తేదీలు ఒక టేబుల్‌లో, వేసిన రేటు ప్రతి ఆర్డర్ వరుసలో. పాత తేదీ ఆర్డర్ తరవాత వాపసు వస్తే పాత రేటుతోనే తిరిగి కట్టాలి. వాపసుతో పాఠం మొదలుపెట్టడంలో లాభం ఇక్కడ కనబడింది: ఈ గడి కావాలని వాళ్లే అడిగారు.

చిరునామా, వెతుకులాట

టెంప్లేట్లలో వచ్చే చిరునామా ఫారాలు మన ఊళ్ల కోసం చేసినవి కావు. అపార్ట్‌మెంట్ నంబరు, వీధి పేరు తప్పనిసరి. ‘ఇం.నం. 3-48, పోచమ్మ గుడి ఎనక’ అంటే ఎర్ర గీత. జిల్లా అయితే ఇంకో గొడవ. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాయి, 2019లో నారాయణపేట, ములుగు చేరి 33 అయ్యాయి. అయినా గద్వాల, వనపర్తి వాళ్లు ఇప్పటికీ జిల్లా మహబూబ్‌నగర్ అని రాసేవాళ్లున్నారు. పిన్ కోడ్‌కూ జిల్లాకూ పొంతన లేదని ఫారం ఆపేస్తే గిరాకీ పోతుంది. జిల్లా ఏది రాసినా తీసుకుని, పిన్ కోడ్‌ను నమ్మి, గుర్తు చెప్పే గడిని పెద్దది చేయమన్నాను. కొరియర్ అబ్బాయి ఎలాగూ ఫోన్ చేస్తాడు.

తెలుగులో వెతకడం పెడితే ఒక విచిత్రం. ‘గద్వాల్’ అని వెతికితే కొన్ని చీరలు వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. రెండు మాటలూ కంటికి ఒకటే. పొల్లు తరవాత, అక్షరాలు కలిసిపోకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తాయి. కంప్యూటర్‌కు అవి వేరు వేరు మాటలు. అక్షరాలను ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో సరిచేసినా ఆ గుర్తు పోదు, వెతికే ముందు మనమే తీసేయాలి. నారాయణపేట అబ్బాయి ఒకడు అక్షరాల కోడ్ సంఖ్యలన్నీ వరుసగా ప్రింట్ చేసి పట్టుకున్నాడు. ఇలాంటివి ఏఐ టూల్‌ను అడిగినా చెబుతుంది, కానీ అడగాలని తెలియాలి కదా.

ఇంకో అబ్బాయి హోమ్ పేజీలో ‘17 మంది ఇప్పుడు చూస్తున్నారు’ అని పెట్టాడు. అంకె ఎక్కడిదంటే ర్యాండమ్ ఫంక్షన్. లేని తొందర పుట్టించడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్ (కొనేవారిని మాయచేసే డిజైన్) మార్గదర్శకాలు తప్పుబట్టాయి. ఇక్కడైతే అబద్ధం అవసరం కూడా లేదు, చీర నిజంగానే ఒకటే ఉంది.

బుట్ట తీసేయడం

సేటు వాట్సాప్ అమ్మకాలు తిరగేస్తే దాదాపు అందరూ కొనేది ఒక చీర. రెండు కావాలంటే రెండుసార్లు అడుగుతారు, లేదా ఫోన్ చేసి బేరమాడతారు. బుట్టలో చీర పెట్టి మరిచిపోయిన మనిషి కోసం చీర ఆపలేం, ఆపకపోతే బుట్టలోది అమ్ముడుపోయిందని చెప్పడానికి మళ్లీ ఒక తెర కావాలి. దేవరకద్ర అమ్మాయి జట్టు బుట్ట తీసేస్తామంది. చీర పేజీ, ‘కొనండి’, చిరునామా, పేమెంట్. ప్రతి చీర పేజీకీ ఒక లింకు, సేటు దాన్ని వాట్సాప్‌లో పంపుతాడు.

క్లాసులో పెద్ద గొడవ. బుట్ట లేని ఈ-కామర్స్‌ను ఇంటర్వ్యూలో చూపిస్తే నవ్వుతారని మిగతావాళ్ల భయం. ఆ భయాన్ని కొట్టిపారేయను, ఉద్యోగం వాళ్ల అవసరం. అందుకని రెండూ ఒప్పుకున్నాను. కానీ బుట్ట పెట్టినవాళ్లు అందులో చీర అమ్ముడుపోతే ఏం జరుగుతుందో, రెండు చీరల్లో ఒకటే వాపసు వస్తే పన్ను, పంపిణీ ఖర్చు ఎలా పంచుతారో రాసి చూపాలన్నాను. ఇద్దరు రాశారు, బాగా రాశారు. మిగతావాళ్లు వారం తిరక్కుండానే బుట్టలు తీసేశారు. 

ధర సైట్‌లో పెట్టడానికి సేటు చాలా రోజులు ఒప్పుకోలేదు. "రేటు పెడితే పక్క దుకాణపోడు పొద్దుగాల్నే వంద తగ్గిస్తడు." చివరికి లింకు ఉన్నవాళ్లకే ధర కనబడేలా చేసి, జాబితాలో ఫొటోలు మాత్రం ఉంచాం. ఇంటికొచ్చాక పైసలు ఇచ్చే పద్ధతి వద్దన్నాడు. తిరిగొచ్చిన చీరకు రెండు వైపుల కొరియర్ ఖర్చు తనమీదే పడుతుంది, ముడతలు పడి వస్తుంది. అందులో వాదించడానికి ఏముంది?

పరీక్ష

ఫీచర్ల డెమో పెట్టలేదు. డెమోలో అందరి సైటూ బాగానే ఉంటుంది. ప్రతి జట్టు డేటాబేస్ నకలు తీసుకుని, అందులో కొన్ని ఆర్డర్లను నేనే పాడుచేశాను. ఒకచోట పైసలు వచ్చి ఆర్డర్ లేదు. ఒకచోట ఒక చీరకు రెండు ఖాయమైన ఆర్డర్లు. ఒకచోట తిరిగి కట్టాం గాని చీర బీరువాలోకి రాలేదు. ఒకచోట ఐజీఎస్టీ వేయాల్సిన బిల్లుకు సగం సగం వేసి ఉంది. తరవాత ఆ డేటాబేస్‌లను జట్ల మధ్య మార్చి ఇచ్చాను, ఎవరిది వాళ్లకు రాలేదు. సేటు ఫోన్ చేసినట్టుగా ఒక ఫిర్యాదు వినిపిస్తాను. ఏం జరిగిందో చెప్పాలి, గిరాకీకి ఏం చెప్పాలో చెప్పాలి, సరిదిద్దే వరుసలు రాయాలి. పాత వరుస చెరిపితే సున్నా.

ప్రతి మార్పూ చేరే ఆ సంఘటనల టేబుల్ శ్రద్ధగా రాసిన జట్ల డేటాబేస్ దొరికినవాళ్లు సాయంత్రానికల్లా అన్నీ చెప్పేశారు. ఒక జట్టుకు దొరికిన డేటాబేస్‌లో స్థితి ఎప్పుడు, ఎవరి వల్ల మారిందో లేదు. వాళ్లు గేట్‌వే లాగ్‌లతో (అది దాచే నమోదులతో) కుస్తీ పట్టి సగం మాత్రం తేల్చారు, ఆ డిజైన్ చేసిన జట్టును టీ తాగేటప్పుడు ఉతికి ఆరేశారు. నేను ఇచ్చే మార్కుల కన్నా అది బాగా పనిచేసింది. ట్రాన్సాక్షన్ దగ్గర కోపం తెచ్చుకున్న అతను రెండు ఆర్డర్ల కేసు ముందుగా పట్టుకున్నాడు. అదీ కోడ్ తెరవకుండా, సమయాలు చూసి.

ఇప్పుడు

సేటు బుట్ట లేని సైట్ తీసుకున్నాడు. గద్వాల అబ్బాయి దాన్ని చూసుకుంటున్నాడు, నెలకింతని మాట్లాడుకున్నారు. వినియోగదారుల రక్షణకు సంబంధించి 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు, నంబరు సైట్‌లో ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి. ఆ పేరు సేటు భార్యది. దుకాణంలో లెక్కలు చూసేది కూడా ఆమే. రాత్రి గేట్‌వే జాబితానూ ఆర్డర్లనూ కలిపి చూసే ప్రోగ్రాం తేడా కనబడితే ఆమె ఫోన్‌కే మెసేజ్ పంపుతుంది. ఫొటోల రంగు సమస్య ఇంకా తీరలేదు. ట్యూబ్‌లైట్ కింద తీసిన మెంతి రంగు చీర ఫోన్‌లో నిమ్మపండు రంగులో కనబడుతుంది, వాపసుల్లో ఎక్కువ అవే. పగటి వెలుతురులో, పక్కన తెల్ల కాగితం పెట్టి తీయమని చెప్పాం. తీరిక ఉన్న రోజు తీస్తారు.

తరవాతి బ్యాచ్ నల్లగొండలో. అక్కడ చీరలు కాకుండా బత్తాయి తీసుకుందామనుకుంటున్నాను. ఇక్కడ ఒకటే ఉంటే, అక్కడ టన్నులు. ఆర్డర్ పెట్టినప్పటి బరువు వేరు, తరుగు పోయాక తూకం వేరు, ధర ఆ పొద్దు మార్కెట్‌ది. అంటే పైసలు కట్టించుకునేటప్పటికి బిల్లు మొత్తం ఎంతో ఎవరికీ తెలియదు. ముందు అడ్వాన్స్ తీసుకుని తూకం అయ్యాక మిగతాది అడగాలా, ఎక్కువ పట్టుకుని మిగిలింది తిరిగి ఇవ్వాలా అన్నది కమీషన్ ఏజెంట్లతో, రైతులతో కూర్చుని తేల్చుకోవాలి. ఈ బ్యాచ్ రాసిన స్థితుల పట్టిక అక్కడ అలాగే పనిచేయదు, ‘తూకం అయింది’ అనే స్థితి ఎక్కడ చేరుతుందో పిల్లలే చెప్పాలి.